ధర తర్వాత అడుగు, అమ్మలూ

అమ్మలూ,

శ్రీకాకుళంలో ఇల్లు కుదిరిందనీ, మొదటి ఆదివారమే చేపల మార్కెట్లో మోసపోయావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నవ్వాను, ఏమనుకోకు. పెళ్లయిన కొత్తలో నేనూ మే నెలలో చందువ కొని, మెరుపు చూసి మురిసిపోయాను. కూర గిన్నె మూత తీయగానే మీ పెదనాన్న లేచి వెళ్లి మజ్జిగ పోసుకున్నారు.

నువ్వు వెళ్లగానే "ఎంత?" అంటున్నావు. అది తర్వాత. ముందు "ఎక్కడివి, ఎప్పుడొచ్చాయి?" అని అడుగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో ఇంజను పడవలకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లో "పొద్దున్నే దిగిందమ్మా" అని పెద్ద వంజరం చూపిస్తే, అది ఐసులో ఎన్నాళ్లుందో ఆలోచించు. అప్పుడు తెప్పల మీద తెచ్చిన చిన్న చేపలో, చెరువు చేపలో తీసుకో. మిగతా రోజుల్లో మొప్ప ఎత్తి చూడు, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే వెంటనే పక్క బుట్టకి వెళ్లిపో. ఎండు నెత్తళ్లు కొంటే వాటిని విరిచి చూడు. సాగితే సరిగ్గా ఎండలేదన్నమాట, వానాకాలంలో పురుగు పడతాయి.

పలాస జీడిపప్పుకి కూడా ఇదే ప్రశ్న. కొత్త పంట ఎండాకాలంలో వస్తుంది. గ్రేడు అంకె పెద్దదైతే పప్పు పెద్దదనుకునేవు! 180, 240, 320 అంటే ఒక పౌనుకి సుమారుగా అన్ని గుళ్లు, అంటే బద్దలు కాని నిండు పప్పులు, తూగుతాయని. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది. పాయసానికి బద్ద చాలు, గుళ్లకి డబ్బు తగలేయకు. ఒకటి కొరికి చూశాకే తూయించు. పటుక్కుమనాలి.

పొందూరు ఖద్దరుకి మాత్రం రైలెక్కి ఆ ఊరే వెళ్లు. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, తెలుసా? నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు. ఆ సన్నటి నూలు చేతితో వడికినది, అందుకే ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది. ఖాదీ సంఘం వాళ్ల దుకాణంలో బేరాలుండవు, బేరమాడి పరువు తీసుకోకు. బజారులో ఎవరైనా పొందూరు ఖద్దరు చవగ్గా ఇస్తానంటే, మిల్లు గుడ్డ అనుకుని దాటిపో.

సీతంపేట సంత సోమవారం. 2022లో ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, సంత అలవాటు మనకి పోలేదు. సవర గిరిజన ఆడవాళ్లు పసుపు, చింతపండు, కొండచీపుళ్లు, కాలాన్ని బట్టి అనాస తెస్తారు. పొద్దున్నే వెళ్లకపోతే మంచివి టోకు వ్యాపారులు లాగేసుకుంటారు. చిల్లర, రెండు గట్టి సంచులు ఉంచుకో. బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగివచ్చిన ముసలమ్మతో పది రూపాయలకి గీచిగీచి బేరమాడితే నాకు తెలిసిపోతుంది, జాగ్రత్త.

పనసపండు మాత్రం నువ్వు కొనకు. నేను జూన్‌లో వస్తాగా, తట్టి చూసి నేనే ఎంచుతాను. చేతులకి రాసుకోవడానికి కాస్త నూనె దగ్గర పెట్టుకో.

మీ పెద్దమ్మ