బిడ్డకు మూడు నెలల దారేనా?

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో బీఎస్సీ అయిపోగొట్టింది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదివి పేద ఆడవాళ్ల ఆరోగ్యం మీద పని చేస్తానంటోంది. బాబు బీటెక్ లోన్ ఇంకా ఉంది. మెడికల్ కోడింగ్‌కు పోతే మూడు నెలల్లో ఉద్యోగమంటున్నారు. ఏది మేలు? ఊళ్లు పట్టుకుని తిరిగితే సంబంధాలు వస్తాయా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: కోడింగ్ అంటే కేస్‌షీట్ చదివి జబ్బుకు, చికిత్సకు కోడ్ వేయడం, ఎక్కువగా అమెరికా ఇన్సూరెన్స్ బిల్లుల కోసం. చెడ్డ పని కాదు. కానీ అనాటమీ గట్టిగా రాకుండా, కోడర్లకిచ్చే సీపీసీ సర్టిఫికెట్ లేకుండా పోతే ఫ్రెషర్లకు ఇంటర్వ్యూ గట్టెక్కడమే కష్టం. పైగా తేలిక కేస్‌షీట్లు సాఫ్ట్‌వేర్ చేతికి పోతున్నాయి. ఆ 'మూడు నెలల్లో ఉద్యోగం' మాటను కాగితం మీద రాసిమ్మనండి, ఎవరిస్తారో చూద్దాం.

ఎంపీహెచ్‌లో చాలా కొలువులు కాంట్రాక్టువే. డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) కుర్చీ ఎంబీబీఎస్ వాళ్లదే. కాలేజీలో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కల శాస్త్రం) ఎవరు చెబుతారో, డిసర్టేషన్‌కు, అంటే చివర్లో రాసే పరిశోధన పత్రానికి, సొంతంగా డేటా సేకరించమంటారో లేదో కనుక్కోండి. బిల్డింగ్ చూసి ఫీజు కట్టకండి.

మీ బిడ్డ పట్టుకున్నది మాత్రం అసలైన ప్రశ్న. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. మగవాళ్లలో 15.3 శాతమే. ఐరన్ గోలీలు ఇస్తున్నారు కదా అంటారేమో. పత్తి ఏరబోయే ఆమె పొద్దున చాయ్‌తోనే గోలీ మింగుతుంది, చాయ్ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. దొడ్డికి నల్లగా వచ్చి మలబద్ధకమైతే భయపడి మానేస్తుంది. పరీక్షకు వరంగల్ పోతే ఒక రోజు కైకిలి పోయె, రిపోర్టుకు ఇంకో రోజు. ఆయనకు నడుం నొప్పొస్తే అప్పు చేసైనా స్కానింగ్, ఆమెకు దమ్మొస్తే 'జర పండుకో'. పరిశోధకులు గీతా సేన్, అదితి అయ్యర్‌లు కర్ణాటకలోని కొప్పళ జిల్లాలో చూసిందీ ఇదే: వైద్యం అందడంలో కలిగిన మగవాళ్లు పైన, పేద ఆడవాళ్లు అట్టడుగున. చిక్కంతా ఈ ఇద్దరి మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరే. పేదింటి మగవాడికి డబ్బు లేకున్నా ఇంట్లో మొదటి వాటా ఆయనది, కలిగినింటి ఆడమనిషికి డబ్బుంది గానీ ఆస్పత్రికి ఎవరో ఒకరు తీసుకుపోవాలె.

కోపం రానీయకండి, మీ ఉత్తరంలోనూ అదే లెక్కుంది. బాబు బీటెక్‌కు లోన్ తీసుకున్నారు, బిడ్డ రెండేళ్ల చదువుకు దగ్గరి దారి వెతుకుతున్నారు.

సంబంధాల రంది వద్దు. ఫీల్డ్ పని పగటి పూట, ఆశా కార్యకర్తలతో, టీముతో ఉంటుంది. మిగతాదంతా కంప్యూటర్ ముందే. ఫీజు కట్టే ముందు మీ సబ్‌సెంటర్ ఏఎన్ఎంతో మాట్లాడి ఒక నెల వెంట తిరగనివ్వండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ రిపోర్టు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో రక్తహీనత టేబుల్‌ను చదువు వారీగా, ఆస్తి వారీగా ఎక్సెల్‌లోకి ఎక్కించమనండి. ఆ పని విసుగనిపిస్తే కోడింగ్ ఎటూ పోదు, అప్పుడు చేరొచ్చు.