ఎమ్మెల్యే రాతపూర్వక ప్రశ్న వేస్తే ఊళ్ళో ఏమన్నా కదులుతుందా?

అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇది: "మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. మా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) డాక్టరు వారానికి రెండు రోజులు కూడా కనపడడు. అర్జీలు పెట్టి విసిగిపోయాం. ఎమ్మెల్యే చేత అసెంబ్లీలో రాతపూర్వకంగా ప్రశ్న వేయిస్తే లాభం ఉంటుందా, లేక అదీ కాగితాల తంతేనా?"

కదులుతుంది. ఆ కాగితాలకు అవతలి పక్క కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్పగలను. నీళ్ళ పథకాలు చూసే ఒక ఇంజనీరింగ్ డివిజన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ ఊరి ఆఫీసో చెప్పను, నా పాత మిత్రులు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

శాసనసభ నుంచి వచ్చే ప్రశ్నను మా ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ అంటారు, శాసన మండలి నుంచి వస్తే ఎల్‌సీక్యూ. మామూలు తపాలు బల్ల మీద వారం రోజులు నిద్రపోతుంది. సోమవారం గ్రీవెన్సులో వచ్చిన అర్జీ అయితే "విచారించి తగు చర్య తీసుకోవలసినది" అని ఒక వాక్యం రాసి కింది ఆఫీసుకు తోసేస్తాం. ఆ వాక్యం నా చేత్తో ఎన్ని వందల సార్లు రాశానో! ఎల్‌ఏక్యూని అట్టా తోసెయ్యడం కుదరదు. సభ్యుడు శాసనసభ కార్యదర్శికి నోటీసు ఇస్తాడు, స్పీకర్ అనుమతిస్తే అది సచివాలయంలో సంబంధిత శాఖకు, అక్కడినుంచి శాఖాధిపతికి, ఎస్‌ఈకి, ఈఈకి, డీఈకి, చివరకు ఏఈకి దిగుతుంది (వీళ్ళంతా పెద్ద నుంచి చిన్న దాకా వరసగా ఇంజనీర్లు, ఈఈ మా డివిజన్ పెద్ద). పైమెట్లన్నీ తలా రెండు రోజులు తినేస్తే అడుగున ఉన్న మాకు మిగిలేది ఒక పూట. సాయంత్రం ఐదింటికి ఫ్యాక్స్ కూసిందంటే ఆ రాత్రి ఇంటికి పోయినట్టే లెక్క! జవాబు మంత్రి పేరుతో సభ ముందుకు పోతుంది. తప్పు తేలితే సభాహక్కుల నోటీసు మంత్రి మీదికే వస్తుంది. ఆయన మీదికి వచ్చింది మా మీదికి దిగడానికి ఎంతసేపు? అందుకే ఆ భయం.

అయితే అన్ని ప్రశ్నలూ భయపెట్టవు. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో ఒకసారి ఇట్టాంటి ప్రశ్న వచ్చింది: "(అ) జిల్లాలోని మెట్ట మండలాలలో తీవ్రమైన తాగునీటి ఎద్దడి నెలకొన్న మాట వాస్తవమేనా, (ఆ) అయినచో, తీసుకున్న చర్యలేవి?" ఈఈ గారు చదివి, కళ్ళజోడు తీసి, నవ్వారు. పది నిమిషాల్లో జవాబు టైపు చేశాను. "(అ) కాదండి. (ఆ) ఉత్పన్నం కాదు." అంతే. మొదటిది కాదన్నాక రెండోదానికి ప్రశ్నే పుట్టదని అర్థం. అబద్ధం రాశామా అంటే, కాగితం ప్రకారం కాదు. మా రికార్డుల్లో ఆ ఊళ్ళలో చాలావాటికి "ఎఫ్‌సీ" అని ముద్ర ఉంది, అంటే మనిషికి రోజుకు 40 లీటర్లు అందే ఏర్పాటు పూర్తిగా ఉన్న ఊరు అని. (జల్ జీవన్ మిషన్ వచ్చాక అదిప్పుడు 55 లీటర్లు.) ట్యాంకు కట్టాం, పైపులు వేశాం, కాబట్టి ఎఫ్‌సీ. మోటారు కాలిపోయి ట్యాంకులో పావురాలు గుడ్లు పెడుతున్నా ముద్ర మారదు. "తీవ్రమైన" అన్న మాటకు కొలత లేదు, "మెట్ట మండలాలు" అంటే ఏవో చెప్పలేదు, ఏ సంవత్సరమో చెప్పలేదు. అడిగిన పెద్దమనిషికి ఆ జవాబు కాగితం అంది ఉంటుంది, ఆయన దాన్ని చదివి ఉండకపోవచ్చు.

ఏడాది తిరిగాక వచ్చింది అసలుది. ఈసారి మండలి నుంచి. మండలి 1985లో రద్దయి 2007లో గానీ మళ్ళీ రాలేదు కదా, మా ఆఫీసులో కుర్రవాళ్ళకు ఎల్‌సీక్యూ అంటే ఏందో కూడా తెలియదు. ప్రశ్న ఒకే ఒక్క ఊరి గురించి. తొమ్మిది వందల జనాభా. ఆ ఊరి రక్షిత నీటి పథకం మోటారు ఏ తేదీన కాలిపోయింది? మరమ్మతుకు ఏ తేదీన పంపారు, ఏ తేదీన తిరిగి బిగించారు? ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు రోజువారీగా ఎన్ని ట్రిప్పులు తోలింది, ఎంత చెల్లించారు? ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఎంత తేలింది? ఇందులో "వాస్తవమేనా" అన్న మాటే లేదు. "కాదండి" అనడానికి సందు లేదు.

మా ఏఈ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఏందన్నా ఇది, ఎవురో ఊర్లోవాళ్ళే రాసిచ్చుండారు" అన్నాడు. ముఖం పాలిపోయింది పాపం.

ట్యాంకరు లాగ్‌బుక్కు తెప్పించాం. రోజుకు ఎనిమిది ట్రిప్పులు, ఒక్కోటి 4,500 లీటర్లు. మొత్తం 36,000. తొమ్మిది వందల మందికి తలా 40 లీటర్లు చొప్పున ఎంతవుతుందో మీరే గుణించి చూడండి. అణా పైసలతో సహా కుదిరింది! అరవై ఒక్క రోజులూ అంతే, ఆదివారం లేదు, పండగ లేదు, ట్రాక్టరు టైరు పంక్చరైన రోజు లేదు. నీళ్ళు నింపే బోరు ఆ ఊరికి పదకొండు కిలోమీటర్లు. పోను రాను, నింపను, వదలను కలిపి ట్రిప్పుకు ఎంత తక్కువ వేసుకున్నా రెండు గంటలు. ఎనిమిది ట్రిప్పులంటే పదహారు గంటలు. ఊరివాళ్ళ సంతకాల గళ్ళలో సంతకాలున్నాయి, అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు.

ఈఈ గారు లాగ్‌బుక్కు మూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మోటారు సంగతి అడిగారు. అది నెల్లూరులో రివైండింగ్ షాపులో తొమ్మిది నెలల్నుంచీ పడి ఉంది. పాత బిల్లు ఇవ్వలేదని అతను ఆపేశాడు. ఆ బిల్లు ఎంతో తెలిస్తే మీకు నవ్వొస్తుంది, మా ఆఫీసు ఏడాది టీ ఖర్చు అంతకంటే ఎక్కువ. మర్నాడు పొద్దున్నే డబ్బు కట్టి, సాయంత్రానికి మోటారు వ్యానులో వేసి పంపించారు. బిగించింది రాత్రి తొమ్మిదింటికి, టార్చిలైటు వెలుగులో. జవాబులో "మరమ్మతు గావించి నీటి సరఫరా పునరుద్ధరించడమైనది" అని రాయగలగాలి కదా, దానికోసం. జవాబు హైదరాబాదు చేరేసరికి ఊళ్ళో కుళాయిలో నీళ్ళొస్తున్నాయి. సభలో ఎవరూ నోరు విప్పలేదు. అది నక్షత్ర గుర్తు లేని ప్రశ్న (అంటే మంత్రి నోటితో చెప్పక్కర్లేదు, రాతపూర్వక జవాబు చాలు), కాగితం బల్ల మీద పెట్టారు, అయిపోయింది.

ట్రిప్పుల సంగతి? "వివరములు అనుబంధంలో పొందుపరచడమైనది" అని పట్టిక జత చేశాం. టైపు చేసింది నేనే. ఆ కాంట్రాక్టరుకు తర్వాతి బిల్లులో కొంత కోశారు, అంతకుమించి ఏమీ కాలేదు. ఫ్లోరైడ్ పరీక్ష మాత్రం మా దగ్గర మూడేళ్ళ నాటిదే ఉంటే, హడావుడిగా మళ్ళీ చేయించాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటింది. దాంతో ఆ ఊరు ఎఫ్‌సీ జాబితాలోంచి "సురక్షితమైన నీటి వనరు లేని ఊరు" జాబితాకు మారింది. ఎన్నో ఏళ్ళుగా అర్జీలతో కానిది ఆ ఒక్క జవాబుతో అయింది. ముద్ర మారితేనే కొత్త పథకానికి అంచనాలు వేస్తారు, అది తెలిసినవాళ్ళకు ఇదెంత పెద్ద పనో అర్థమవుతుంది.

ఎవరు రాసిచ్చారో చాలాకాలానికి తెలిసింది. ఆ ఊరి రిటైర్డ్ మేష్టరు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా బడి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడట, రోజు మారితే కింద కొత్త వరస. రోజుకు రెండు గీతలు, ఎప్పుడన్నా మూడు. మా వైపు ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలకు కలిపి ఉపాధ్యాయులే ఓటేసి ఎమ్మెల్సీని ఎన్నుకునే నియోజకవర్గం ఉంది కదా. సర్వీసులో ఉండగా సంఘంలో తిరిగినవాడు కాబట్టి ఎమ్మెల్సీ దగ్గరికి నేరుగా పోగలిగాడు.

ఇప్పుడు మీ పీహెచ్‌సీ సంగతి. మీరు ఎమ్మెల్యే గారి దగ్గరికి పోయి "డాక్టరు రావడం లేదు, ప్రశ్న వేయండి" అంటే, ఆయన పీఏ "ఫలానా పీహెచ్‌సీలో వైద్యుల పోస్టులు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా" అని రాసి పంపుతాడు. జవాబు నేనిప్పుడే చెప్పేస్తా: "కాదండి." ఎందుకంటే పోస్టు ఖాళీగా లేదు. మీ డాక్టరు గారి పేరు రికార్డులో అక్కడే ఉండి ఉంటుంది, జీతం అక్కడే పడుతుంటుంది. మనిషి మాత్రం డిప్యుటేషన్ మీద ఇంకో ఆసుపత్రిలోనో, పీజీ చదువులోనో ఉండొచ్చు. మంజూరైన పోస్టు, భర్తీ అయిన పోస్టు, ఆ కుర్చీలో కూర్చుని పనిచేస్తున్న మనిషి, ఈ మూడూ మూడు వేర్వేరు లెక్కలు. గవర్నమెంటు ఆఫీసులో బతికినవాడెవడైనా మొదటి రెండూ చూపించి మూడోదాన్ని దాటేస్తాడు. కాబట్టి మూడూ విడివిడిగా అడగాలి. నేనైతే ఇట్టా రాస్తాను:

"(అ) ఫలానా మండలం ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మంజూరైన వైద్యాధికారుల పోస్టులెన్ని, ఫలానా తేదీ నాటికి అక్కడే ఉండి విధులు నిర్వర్తిస్తున్నవారెందరు, (ఆ) డిప్యుటేషన్‌పై ఎవరైనా వేరేచోట ఉన్నచో, ఏ తేదీ నుండి, ఎవరి ఉత్తర్వు ప్రకారం, (ఇ) గత ఆరు నెలలలో వైద్యాధికారి హాజరైన దినములు నెలవారీగా ఎన్ని, (ఈ) అదే కాలంలో నెలవారీ ఓపీ, కాన్పుల సంఖ్య ఎంత?"

ఆఖరిది వదలొద్దు. హాజరు పట్టీలో ఇరవై ఆరు రోజులు ఉండి కాన్పు ఒక్కటీ లేకపోతే ఆ రెండు అంకెలూ ఒకదాన్నొకటి పట్టిస్తాయి. ట్యాంకరు ట్రిప్పులూ కిలోమీటర్లూ పట్టించినట్టే. డాక్టరు పేరు మాత్రం రాయకండి. పేరు పెట్టి వ్యక్తి మీద ఆరోపణలాగా రాస్తే అనుమతించకుండా పక్కన పెట్టడానికి సాకు దొరుకుతుంది. "ఇది దారుణం కాదా" లాంటి అభిప్రాయాలు, కోర్టులో ఉన్న సంగతులు కూడా అంతే.

నక్షత్రం గుర్తుదా, లేనిదా అని పీఏ అడిగితే లేనిదే చాలు అనండి. ఇది నా అభిప్రాయం, చాలామంది ఒప్పుకోరు. నక్షత్రం ఉంటే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు, టీవీలో వస్తుంది. అందుకే మంత్రి చేతికి జవాబుతో పాటు "నోట్ ఫర్ సప్లిమెంటరీస్" అని ఇంకో కట్ట తయారుచేసి పంపేవాళ్ళం. నిజం చెప్పాలంటే అసలు సంగతులన్నీ అందులోనే ఉంటాయి, అది మీ చేతికి రాదు. ప్రశ్నోత్తరాల గంట కాస్తా గోలలో కొట్టుకుపోతే ఆ అనుబంధ ప్రశ్నలూ ఉండవు. నక్షత్రం లేనిదానికి పట్టికలు జత చేస్తారు, అవి రికార్డులో మిగులుతాయి. మీకు కావలసింది పట్టిక.

మీ ఎమ్మెల్యే అధికార పక్షమైతే సొంత మంత్రిని ఇరుకున పెట్టడానికి జంకుతాడు. తప్పులేదు, మండలి సభ్యుడి దగ్గరికి పోండి. ఎంపీ దగ్గరికి పోవడం ఈ విషయంలో దండగ, ఆసుపత్రి సిబ్బంది రాష్ట్రం చేతిలోది. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం లాంటిదైతే తిరగేసి చెప్తాను, దాన్ని అసెంబ్లీలో అడిగితే భూసేకరణ ముక్క వరకే జవాబొస్తుంది, మిగతాది లోక్‌సభలో అడిగించాలి.

"పరిశీలనలో ఉంది", "పురోగతిలో ఉంది" అన్న జవాబు వస్తే నిరాశపడకండి, అట్టాగని నమ్మనూ వద్దు. పక్కన ఉమ్మడి ప్రకాశంలో వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. మొదటి సొరంగం 2021కి, రెండోది 2024కి పూర్తయ్యాయి. మధ్యలో ఎన్ని సమావేశాల్లో "పనులు పురోగతిలో ఉన్నాయి" అని రాసి ఉంటారో! గడిచిన ఏడాదిలో ఎన్ని మీటర్లు తవ్వారు అని అడిగితే ఆ మాట వెనక దాక్కోవడం కష్టం. అదీగాక మంత్రి సభకు ఏదైనా చేస్తానని మాటిస్తే, దాన్ని వెంటాడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. జవాబులో ఆ ముక్క దొరికితే, కాపీతో ఒక ఉత్తరం ఆ కమిటీకి మీ సభ్యుడి చేతే రాయించండి.

ఈ పనులన్నిటికంటే ముందు, సమాచార హక్కు కింద హాజరు, డిప్యుటేషన్ ఉత్తర్వు కాపీలకు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలే, 30 రోజుల్లో ఇవ్వాలి. ఈలోగా మీరూ ఒక నోటుబుక్కు పెట్టుకుని డాక్టరు వచ్చిన రోజూ, రాని రోజూ రాసుకోండి. సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే నోటీసు గడువు దాటిపోతుంది, బడ్జెట్ సమావేశాలకు కావాలంటే సంక్రాంతి లోపే పీఏ చేతిలో కాగితం పడాలి.

చిత్తు రాసుకున్నాక ఇక్కడే పెట్టండి. "ఉత్పన్నం కాదు" అని ఎక్కడ జారుకోవచ్చో నేను చూసి చెప్తా. ముప్పై ఏళ్ళు జీతం తీసుకుంది ఆ పనికేగా.