టెక్ సందేహాలు: పిస్టల్‌కి .22 కన్వర్షన్ కిట్ గిట్టుబాటేనా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాను. నా దగ్గర మూడో తరం గ్లాక్ 19 పిస్టల్ ఉంది. రేంజ్‌లో 9 ఎంఎం రౌండ్ల ఖర్చు తడిసి మోపెడవుతోంది. అదే పిస్టల్‌తో చవకైన .22 తూటాలు కాల్చనిచ్చే కన్వర్షన్ కిట్ కొంటే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: నెలకి రెండు మూడు వందల రౌండ్లు కాల్చేవారైతే వస్తుంది. 9 ఎంఎం రౌండు 25 సెంట్లు, .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్ అనే మామూలు .22 తూటా) 8 సెంట్లు అనుకుంటే ఒక్కోదానికి 17 సెంట్ల మిగులు. కిట్ 350 డాలర్లయితే సుమారు 2,060 రౌండ్లకి గిట్టుబాటవుతుంది. అప్పుడప్పుడూ సరదాకి వెళ్లేవారికి మాత్రం దండగ.

కిట్‌లో స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి కదిలే పైభాగం), బ్యారెల్ (గొట్టం), రికాయిల్ (వెనక్కి తన్నడం) స్ప్రింగ్, మేగజీన్ (తూటాల అర) వస్తాయి. ఫ్రేమ్, ట్రిగర్ మీవే. బ్యారెల్ ఒక్కటే మారిస్తే ఎందుకు చాలదంటే, 9 ఎంఎం బరువైన ఉక్కు స్లైడ్‌ని వెనక్కి నెట్టే బలం .22కి లేదు. అందుకే కిట్ స్లైడ్‌ని తేలికైన అల్యూమినియంతో చేస్తారు. పైగా 9 ఎంఎం ఫైరింగ్ పిన్ తూటా అడుగున మధ్యలో కొడుతుంది, .22కి అంచు మీద కొట్టాలి. ఆర్డర్ చేసేటప్పుడు మోడల్‌తో పాటు తరం కూడా చెప్పండి.

బిగించే ముందు తూటాలన్నీ ఆ గది నుంచి తీసేయండి. మేగజీన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. గ్లాక్ విప్పాలంటే ట్రిగర్ నొక్కక తప్పదు కాబట్టి ఈ తనిఖీని రెండోసారి కూడా చేయండి. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకి పెట్టి ట్రిగర్ నొక్కండి. స్లైడ్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పట్టి, రెండు పక్కలా ఉన్న లాక్‌ని కిందికి లాగితే స్లైడ్ ముందుకి జారి వచ్చేస్తుంది. కిట్ స్లైడ్‌ని ముందు నుంచే పట్టాల మీదికి ఎక్కించండి.

ఇబ్బందులు ఎక్కువగా తూటాల దగ్గరే వస్తాయి. రాగి పూత ఉన్న, 40 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) హై వెలాసిటీ (ఎక్కువ వేగం) రకం వాడండి. సీసీఐ కంపెనీ మినీ-మ్యాగ్ తూటా వేగం సెకనుకి 1,235 అడుగులు. అదే కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ 1,070 అడుగులే, దానితో స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ తొడుగు నిట్టనిలువుగా ఇరుక్కుపోవచ్చు. మేగజీన్ నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కింది తూటా అంచుకి ముందుండాలి. వెనకబడితే రెండూ ఒకదానికొకటి పట్టేస్తాయి. మేగజీన్ మీట పూర్తిగా నొక్కిపట్టి తూటాలు గబగబా జారవిడిస్తే జరిగేది ఇదే. కొత్త కిట్ మొదటి రెండు మూడు వందల రౌండ్లూ కాస్త మొరాయించవచ్చు. పట్టాల మీద చుక్క నూనె వేయండి, ఛాంబర్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగుని బయటికి లాగే) కొక్కెం ప్రతిసారీ బ్రష్‌తో తోమండి. మైనం, మసి అక్కడే పేరుకుంటాయి.

.22లో మందు అంచు చుట్టూ పూర్తిగా పరుచుకోకపోతే ఒక్కోసారి పేలదు. అలాంటప్పుడు గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, తర్వాతే తీయండి. మెత్తగా ‘టప్’మంటే వెంటనే ఆపేయండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు, దాని వెనక ఇంకొకటి పేలిస్తే ప్రమాదం.

ట్రిగర్ అదుపు, సైట్ చూపు కిట్‌తో బాగా అలవడతాయి. రికాయిల్ తట్టుకోవడం మాత్రం రాదు. ప్రతి సెషన్ చివర 30, 40 రౌండ్లు 9 ఎంఎంతోనే కాల్చండి.

ప్రశ్న: కిట్ పెట్టి ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగర్ నొక్కే సాధన) చేయొచ్చా?

జవాబు: తయారీదారు మాన్యువల్ ఒప్పుకుంటేనే. ఖాళీ ఛాంబర్‌లో రిమ్‌ఫైర్ (అంచు మీద కొట్టే) పిన్ ఛాంబర్ అంచు లోహానికి తగిలితే అక్కడ నొక్కు పడి, తూటాలు సరిగా కూర్చోవు. డ్రై ఫైర్‌కి మీ 9 ఎంఎం స్లైడే తిరిగి ఎక్కించడం మేలు.

ప్రశ్న: ఇండియా వచ్చేటప్పుడు హైదరాబాద్‌లోని తమ్ముడికి ఒక కిట్ తేవచ్చా?

జవాబు: వద్దు. 1959 ఆయుధాల చట్టం విడిభాగాలనూ ఆయుధంగానే లెక్కిస్తుంది. లైసెన్సు, దిగుమతి అనుమతి లేకుండా తెస్తే కేసవుతుంది. హైదరాబాద్ షూటర్ ఇషా సింగ్ ప్యారిస్ 2024లో పోటీపడ్డ 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేది .22 పిస్టలే. కిట్‌తో పనే లేదు. మీ తమ్ముడు రైఫిల్ క్లబ్‌లో చేరి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టవచ్చు.