ఎల్ నిడో ఎక్కడికీ పోదు

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్లుగా మనీలాలో, మకాటిలో ఉంటున్నాం. ఆయనది అమెరికా వేళలకు నడిచే నైట్ షిఫ్ట్. బాబుకి ఐదేళ్లు, పాపకి ఏడాదిన్నర. మొన్న ఆగస్టులో బోరకాయ్ దీవికి వెళ్లాం. సర్దింది నేనొక్కదాన్నే. పడవలో పాప వాంతి చేసుకుంటే కడిగింది నేనొక్కదాన్నే. గాలీవానకి గదిలోనే ఉండిపోతే ఇద్దర్నీ ఆడించింది కూడా నేనొక్కదాన్నే. తిరిగొచ్చాక వారం రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇప్పుడు నవంబరు 30, బొనిఫాసియో డే సెలవు, సోమవారం పడిందని మూడు రోజులు పలావాన్ దీవిలోని ఎల్ నిడో వెళ్దామంటున్నారు. అప్పటికి మా అత్తయ్య ఇక్కడే ఉంటారు. ఆవిడ శాకాహారి, మోకాళ్ల నొప్పులు. నేను వద్దంటే "నీకు ఎక్కడికెళ్లినా ఏడుపే" అన్నారు. ఆ మాట చాలా బాధపెట్టింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎల్ నిడో పేరు ఒక్కసారే ఉంది. "నేనొక్కదాన్నే" అన్న మాట మూడుసార్లు ఉంది. కాబట్టి ఊరి సంగతి తేలినా మీ గొడవ తేలదు. అయినా ముందు ఊరి సంగతే చూద్దాం, అది సులువు. నేనూ మకాటిలో నాలుగేళ్లు ఉండి వచ్చినదాన్నే.

మీవారి షిఫ్ట్ అమెరికా శుక్రవారంతో ముగుస్తుంది, అంటే మీకు శనివారం తెల్లవారుతుంది. రాత్రంతా మేలుకున్న మనిషి అట్నుంచి అటే ఎయిర్‌పోర్టుకి రావాలి. పలావాన్‌లోని ప్యూర్టో ప్రిన్సెసా దాకా విమానం గంటకు పైన. అక్కడి నుంచి ఎల్ నిడోకి వ్యాన్‌లో ఐదారు గంటలు, మలుపుల రోడ్డు. పడవలోనే వాంతి చేసుకున్న పిల్ల ఆ వ్యాన్‌లో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎల్ నిడోలోనే దిగే చిన్న విమానాలు ఉన్నాయి గానీ టికెట్ ధర బాగా ఎక్కువ. పోనీ డబ్బు పెట్టి వెళ్లారనుకుందాం. అక్కడ చూడాల్సినవన్నీ దీవులూ మడుగులే. పొద్దున పడవెక్కితే సాయంత్రానికి గానీ దింపరు. పడవ ఎక్కడానికి మోకాలి లోతు నీళ్లలో నడవాలి. మధ్యాహ్నం ఏదో ఒక ఇసుక తిన్నె మీద కాల్చిన చేప, పంది మాంసం వడ్డిస్తారు. మీ అత్తయ్యగారిని ఆ పడవలో ఒక్కసారి ఊహించుకోండి. అదీగాక నవంబరు చివర్లోనూ తుఫాన్లు వస్తాయి. పగాసా, అంటే అక్కడి వాతావరణ శాఖ వాళ్లు, తుఫాను సిగ్నల్ ఎత్తితే కోస్ట్ గార్డ్ వాళ్లు పడవల్ని ఆపేస్తారు, మీరు గదిలో, మళ్లీ బోరకాయ్ కథే.

బోరకాయ్ సంగతీ ఒక మాట. ఆగస్టు హబాగట్, అంటే నైరుతి గాలుల కాలం. ఆ గాలి నేరుగా అక్కడి వైట్ బీచ్ మీదికే కొడుతుంది. అదే బీచ్ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, అమిహాన్ అనే ఈశాన్య గాలుల కాలంలో, చెరువులా ఉంటుంది. అంటే ఆ ప్రయాణం చెడింది మీ వల్లా కాదు, ఆయన వల్లా కాదు, సగానికి సగం ఆ ఆగస్టు నెల వల్ల. ఈ ముక్క ఇద్దరూ కలిసి ఒప్పుకుంటే కాస్త కోపం దిగుతుంది.

ఈ మూడు రోజులకి నా ఓటు తగాయ్‌తాయ్‌కి. మనీలాకి దక్షిణంగా అరవై కిలోమీటర్ల లోపే. సముద్ర మట్టానికి 600 మీటర్ల ఎత్తు, చల్లగా ఉంటుంది. అత్తయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, సరస్సు మధ్యలో ఉన్న తాల్ అగ్నిపర్వతాన్ని చూడొచ్చు. ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. బాబుకి స్కై రాంచ్‌లో జెయింట్ వీల్, పిక్నిక్ గ్రోవ్‌లో గుర్రం స్వారీ. పాపకి గడ్డి చాలు. ఆ వయసు పిల్లలకి కొండైనా సముద్రమైనా ఒకటే, నిద్ర, పాలు వేళకి అందాలి అంతే. మా పిల్లల్ని రెండేళ్లప్పుడు అరకు తీసుకెళ్తే, మా వాడు బొర్రా గుహలు వదిలేసి ఒక మేక వెనకాల పూటంతా తిరిగాడు.

తాల్ బతికున్న అగ్నిపర్వతం. 2020 జనవరి 12న పేలినప్పుడు బూడిద మనీలా దాకా వచ్చింది. ఆ దీవి మీదికి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి, అది శాశ్వత ప్రమాద ప్రాంతం. అప్పుడప్పుడు గంధకపు పొగ దిగుతుంది, దాన్ని వాగ్ అంటారు. పిల్లల్లో ఎవరికైనా ఆయాసం ఉంటే బయల్దేరే ముందు ఫివోల్క్స్, అంటే అగ్నిపర్వతాల్ని గమనించే ప్రభుత్వ సంస్థ, ప్రకటన చూసుకోండి. ఆ రోజు బాగోలేదంటే కాలంబా దగ్గర పాన్సోల్‌కి మళ్లండి. మకిలింగ్ కొండ కింద వేడినీటి ఊటలున్నాయి. ఆ నీళ్లతో నింపిన కొలను, వంటగది ఉన్న ఇల్లు మొత్తంగా అద్దెకిస్తారు. కానీ కొలనుకి కంచె ఉందో లేదో అడగకుండా డబ్బు కట్టకండి. ఏడాదిన్నర పిల్ల ఉన్న ఇంట్లో అది అన్నిటికంటే ముందు అడగాల్సిన మాట. పిల్లల్ని వేడి నీళ్లలో ఎక్కువసేపు ఉంచకూడదు కూడా.

శనివారం పొద్దున మీవారు స్టీరింగ్ పట్టకూడదు. ఇందులో రాజీ లేదు. నాలుగైదు గంటలు పడుకుని మధ్యాహ్నం లేవాలి, లేదా డ్రైవర్‌తో వ్యాన్ మాట్లాడుకోవాలి. లాంగ్ వీకెండ్ కాబట్టి రోడ్డు ఎలాగూ కిక్కిరిసి ఉంటుంది. తిరుగు ప్రయాణం సోమవారం సాయంత్రానికి పెట్టుకోకండి, మనీలా అంతా అప్పుడే వెనక్కి వస్తుంది. టిఫిన్ చేసి పదింటికల్లా బయల్దేరితే మేలు.

తిండి సంగతి. "వాలాంగ్ కార్నే", అంటే మాంసం వద్దు, అని చెప్తే మాంసం ముక్కలు తీసేస్తారు, అంతే. కూరల్లో చేపల సాసు, రొయ్యల ముద్ద మామూలు. వాళ్ల తప్పు కాదు, మనకి ఉప్పూ చింతపండూ ఎలాగో వాళ్లకి అవి అలాగ. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, నెయ్యి, ఆవకాయ పట్టుకెళ్లండి. దారిలో టురోన్ దొరుకుతుంది, అరటిపండు చుట్టి వేయించినది, అత్తయ్యగారికి నచ్చుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. "నీకు ఎక్కడికెళ్లినా ఏడుపే" అనడం తప్పే. కానీ ఆయన పక్క నుంచీ చూడండి. ఏడాదంతా రాత్రిళ్లు పనిచేసి, పగలు కర్టెన్ వేసుకుని పడుకునే మనిషి. తోటివాళ్ల ఫోటోల్లో ఆ పచ్చటి నీళ్లు చూసి మనసు పడ్డాడు. అందులో తప్పు లేదు. మీరు "వద్దు" అన్నప్పుడల్లా ఆయనకి వినిపించేది ఊరు వద్దని కాదు, తనతో రావడం ఇష్టం లేదని. అందుకని షిఫ్ట్ నుంచి వచ్చిన వేళ కాకుండా, నిద్ర లేచి అన్నం తిన్నాక ఎత్తండి. "ఎల్ నిడో నాకూ చూడాలని ఉంది, పాపకి ఐదేళ్లు వచ్చాక ఒక మార్చిలో వారం పెట్టుకుందాం, ఇప్పట్నుంచే డబ్బు పక్కన పెడదాం" అనండి. ఊరికే అనడం కాదు, మొదటి వెయ్యి పెసోలు మీరే వేయండి.

తర్వాత పని పంపకం. "కాస్త సాయం చేయండి" అంటే లాభం లేదు. బాబు పూర్తిగా ఆయన బాధ్యత: బట్టలు, స్నానం, తిండి, జ్వరం మందు సహా. పాప మీ బాధ్యత. ఆయన బాబు సంచి సర్దేటప్పుడు మీరు వెళ్లి మళ్లీ విప్పి సర్దకండి. ఇది మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. రెండు చొక్కాలు తక్కువైతే తగాయ్‌తాయ్‌లో కొట్లు ఉన్నాయి. ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలిద్దరూ ఆయన దగ్గర, మీరు ఒంటరిగా ఎక్కడైనా కూర్చోండి. సాయంత్రం రెండు గంటలు ఆయనవి, పడుకుంటారో ఫోన్ చూసుకుంటారో అడగొద్దు. ఈ లెక్క బయల్దేరే ముందే ఒప్పుకోవాలి, అక్కడికెళ్లాక మొదలుపెడితే అత్తయ్యగారి ముందు పంచాయతీ అవుతుంది.

ఆ "ఏడుపు" మాట గురించి కూడా చెప్పండి, కానీ ప్రయాణం మాటల్లో కలపకండి. విడిగా, ఒకే ఒక్కసారి, "ఆ మాట నాకు గుచ్చుకుంది" అని. వారం రోజుల మౌనం మాత్రం ఈసారి వద్దు. ఐదేళ్ల వాడికి అన్నీ తెలుస్తాయి.

గది ఇవాళే బుక్ చేయండి, ఆలస్యమైతే దొరకవు. అత్తయ్యగారు గుంటూరు నుంచి స్వెటర్ తెచ్చుకుని ఉండరు. మకాటిలోనే ఒకటి కొనండి.