నలభై దాటాక లెగో ఇటుకలు పట్టుకోవచ్చా?

ప్రశ్న: "నాకు 41 ఏళ్ళు. మా అబ్బాయి పుట్టినరోజుకి లెగో సెట్ కొన్నాం. వాడు రెండు రోజుల్లో వదిలేశాడు. నేను మాత్రం రాత్రి పదకొండు దాకా దాని ముందే కూర్చుంటున్నాను. ఇంట్లో నవ్వుతున్నారు. ఈ వయసులో ఇది మామూలేనా? కొనసాగించాలంటే ఎలా మొదలుపెట్టాలి?"

మామూలేనండీ. నాకిప్పుడు 47. 2011 నుంచి ఈ ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో కడుతూనే ఉన్నాను. మా ఇంట్లోనూ మొదట నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా నాన్న. అందుకని ఆయన దగ్గరే మొదలుపెడతాను.

మా నాన్న తాపీ మేస్త్రీ. తణుకు చుట్టుపక్కల ఊళ్ళలో నలభై ఏళ్ళు గోడలు లేపాడు. మోకాళ్ళు అరిగిపోయాక 2016లో హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన వారానికి ఒక రాత్రి నేను భోజనాల బల్ల మీద ఎర్ర ఇటుకలతో చిన్న ప్రహరీ గోడ కడుతుంటే వెనక నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, చూపుడు వేలితో గోడ మీద పైనుంచి కిందికి ఒక గీత గీశాడు.

"ఒరేయ్, అతుకు మీద అతుకు వచ్చేసింది, చూడు. ఇది గోడ కాదు, పేర్చిన పెట్టెలు. చెయ్యి తగిలితే ఇక్కడే చీలుతుంది."

వేలితో నెట్టి చూశాను. సరిగ్గా ఆయన గీసిన చోటే రెండుగా విడిపోయింది.

"సగం ఇటుక ఉందా?" అన్నాడు. రెండు బొడిపెల వెడల్పు, రెండు బొడిపెల పొడవు ఉన్న ముక్క ఇచ్చాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక వరసని పూర్తి ఇటుకతో, దాని మీద వరసని సగం ఇటుకతో మొదలుపెట్టి, కింది అతుకు సరిగ్గా పై ఇటుక నడుమకి వచ్చేలా పెట్టుకుంటూ పోయాడు. సిమెంటు తిని పగిలిన బొటనవేలితో ఒక్కో ఇటుకా నొక్కుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు. ఆరు వరసలయ్యాక గోడని చేతిలోకి తీసుకుని కాస్త వంచి చూశాడు. విడిపోలేదు. ఒక ఇటుక తీసి తిరగేసి, లోపలున్న గొట్టాలను కళ్ళజోడు పైకెత్తి పరీక్షగా చూసి అడిగాడు: "సిమెంటు మాలు లేకుండా ఎలా పట్టుకుందిరా ఇది?"

ఈ సరదా అంతా ఆ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. ఇటుక పైన బొడిపెలు, కింద బోలుగా ఉన్న కడుపులో గొట్టాలు. ఒకదాని మీద ఇంకోటి నొక్కినప్పుడు బొడిపె ఇటు గోడకీ అటు గొట్టానికీ మధ్య బిగుసుకుంటుంది. జిగురు లేదు, మేకు లేదు. ప్లాస్టిక్ వెంట్రుకవాసి సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణమే దాని పట్టు. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే పల్లెటూళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్య బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అనే అర్థమొచ్చే రెండు డేనిష్ మాటలు కలిపి లెగో అని పేరు పెట్టాడు. ప్లాస్టిక్ ఇటుకలు 1949లోనే వచ్చాయి గానీ అవి లోపల ఖాళీ, గట్టిగా పట్టేవి కావు. ఆ గొట్టాల ఉపాయానికి ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్ పేటెంట్ అడిగింది 1958 జనవరి 28న. ఈ కొలతలు అప్పటినుంచీ మారలేదు. అందుకే అప్పటి ఇటుక మీద మీ అబ్బాయి పెట్టెలోని ఇటుక ఇప్పటికీ అతుక్కుంటుంది. వడ్రంగి ఇంట్లో పుట్టిన బొమ్మ అని చెబితే మా నాన్న తల ఊపాడు. "అదీ సంగతి, చేతి పని తెలిసినవాడు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

నా సంగతి. నేను ఒక నిర్మాణ కంపెనీలో ఎస్టిమేషన్ చేస్తాను. ఘనపు మీటరు గోడకి సుమారు 500 ఇటుకలని రోజంతా లెక్కలు వేస్తాను. పాతికేళ్ళ ఉద్యోగంలో నా చేత్తో ఒక్క ఇటుక పెట్టిన పాపాన పోలేదు. 2011లో దుబాయ్‌లో ఉన్నప్పుడు మా పాప కోసమని ఒక చిన్న ఇంటి సెట్ కొన్నాను. ఊరికి వెళ్ళడానికి ఇంకా రెండు నెలలుంది. ఒక శుక్రవారం గదిలో ఎవరూ లేనప్పుడు పెట్టె విప్పాను. సాయంత్రానికి ఇల్లు లేచింది. తలుపు తెరుచుకుంటోంది, కిటికీ రెక్క కదులుతోంది. కాగితం మీద అంకెలుగా తప్ప చూడని పని నా వేళ్ళకింద నిలబడి ఉంది. ఆ రాత్రే విప్పేసి మళ్ళీ కట్టాను. పాపకి ఇంకో పెట్టె కొనుక్కెళ్ళాను.

విదేశాల్లోని పెద్దవాళ్ళు ఈ సరదా గురించి చెప్పేటప్పుడు 'డార్క్ ఏజెస్' అనే మాట వాడతారు. చిన్నప్పుడు ఆడి, పన్నెండు పదమూడేళ్ళకి వదిలేసి, మళ్ళీ ఏ ముప్పైలోనో తిరిగొచ్చేదాకా ఉన్న కాలం అన్నమాట. మన వయసు తెలుగువాళ్ళలో ఎక్కువమందికి ఆ మాట అతకదు. మనకి చిన్నప్పుడు ఈ ఇటుకలు ఎక్కడున్నాయి? తాటికాయల బండి, అగ్గిపెట్టెల రైలు, నాన్న పనిచేసే చోట ఇసక గుట్ట మీద కట్టిన గుళ్ళు, అవీ మన సెట్లు. కాబట్టి మీరు పోయిన బాల్యాన్ని వెతుక్కుంటున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. మీకిది కొత్తగా మొదలైన పని. వీణో బొమ్మలు గీయడమో నలభైలో మొదలుపెడితే ఎవరూ నవ్వరు కదా!

కంపెనీకి కూడా ఈ సంగతి ఎప్పుడో తెలిసింది. 2007లో కెఫే కార్నర్ అనే సెట్‌తో పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకుని వీధి భవనాల వరస మొదలైంది. పక్కపక్కన పెట్టుకుంటూ పోతే వీధి తయారవుతుంది. 2008లో 5,922 ముక్కల తాజ్‌మహల్ వచ్చింది. 2020 నుంచి నల్ల పెట్టెల మీద 18+ అని అచ్చు వేసి మరీ అమ్ముతున్నారు. 2021లో వచ్చిన టైటానిక్‌లో 9,090 ముక్కలు. పదేళ్ళ పిల్లాడు కూర్చుని కట్టేవి కావివి. మీ ఇంట్లోవాళ్ళకి ఆ పెట్టె మీది 18+ చూపించండి చాలు.

ఇక ఎలా మొదలుపెట్టాలన్నారు. పెద్ద సెట్ల జోలికి వెంటనే వెళ్ళకండి. క్రియేటర్ త్రీ ఇన్ వన్ అని ఒక వరస ఉంది. ఒకే పెట్టె ముక్కలతో మూడు రకాలు కట్టొచ్చు, మూడింటికీ పుస్తకం ఉంటుంది. ఒకటి కట్టి, వారం చూసుకుని, విప్పి రెండోది కట్టండి. విప్పడం నేర్చుకోవడం ముఖ్యం. అలమారలో పెట్టి తాళం వేస్తే అది అలంకారం అయిపోతుంది, చేతికి పని ఉండదు. మూడూ అయ్యాక పుస్తకం పక్కన పెట్టి అవే ముక్కలతో మీకు తోచింది కట్టండి. ఒకే రంగువి, ఎనిమిది బొడిపెలవి, ఆరంటే ఆరు ఇటుకలు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్క తేల్చారు. మీ దగ్గర ఇప్పటికే ఆరు కంటే ఎక్కువే ఉంటాయి.

ముక్కలు సర్దుకోవడం దగ్గర అందరూ చేసే పొరపాటు, రంగుల వారీగా వేరు చేయడం. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ నల్ల ముక్కల కుప్పలో ఒక చిన్న నల్ల ముక్క వెతకాలంటే కళ్ళు పోతాయి. ఆకారం వారీగా వేరు చేయండి. రంగులు కలిసున్నా కన్ను ఇట్టే పట్టేస్తుంది. డబ్బాల కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. మా ఆవిడ వాడకుండా పైన పెట్టిన పాత స్టీలు పోపులడబ్బా నాకిచ్చింది. ఏడు గిన్నెలు, ఏడు రకాల చిన్న ముక్కలు. ఆవాల గిన్నెలో ఒంటి బొడిపె పలకలు, మెంతుల గిన్నెలో ముక్కల్ని కలిపే చిన్న ప్లాస్టిక్ మేకులు. కట్టేటప్పుడు ముక్కల్ని చాటలో పోసుకుంటాను. బియ్యం ఏరినట్టే చాటని కాస్త కదిపితే కిందున్నవి పైకొస్తాయి, పళ్ళెంలో ఆ సౌకర్యం లేదు.

బిగుసుకున్న పలకల్ని పంటితో లాగకండి. ముక్క మీద గాటు పడితే పోదు. సెట్‌లో కొన్నిసార్లు నారింజ రంగు చిన్న పనిముట్టు వస్తుంది, విడదీయడానికి అదే. కట్టినవాటిని ఎండ పడే కిటికీలో పెట్టకండి. నేను తెల్ల ఇటుకలతో కట్టిన చర్చి ఒక వేసవంతా పడమటి కిటికీలో ఉండి ఒకవైపు పాత పుస్తకం కాగితంలా పసుపెక్కింది. హైదరాబాదు దుమ్ముకి వారానికోసారి మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో తుడవాలి. కడగాలంటే గోరువెచ్చని నీళ్ళు, 40 డిగ్రీలు దాటకూడదు.

ధర విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. ఖరీదైన సరదానే ఇది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. నేను నెలకింత అని పక్కన పెట్టుకుని ఏడాదికి రెండు సెట్లు కొంటాను, అంతే. చవగ్గా వస్తోందని ఒకసారి పేరు లేని పెట్టె తెప్పించాను. సగం ఇటుకలు వదులు, సగం మరీ బిగువు. పుస్తకంలో పదిహేడో మెట్టు దగ్గర నాలుగు ముక్కలు లేవు. మూడు రాత్రుల పని ఆగిపోయింది. డబ్బు పోయిందన్న దానికంటే, నొక్కినప్పుడు ఆ టిక్కు రాకపోవడమే ఎక్కువ బాధగా అనిపించింది. డబ్బు తక్కువైతే చిన్న సెట్ కొనండి, నకిలీ పెద్దది వద్దు.

నవ్వేవాళ్ళ సంగతి మళ్ళీ. మా అత్తగారికి 68. ప్రతి సంక్రాంతికీ పాత చీర ముక్కల్లో చుట్టిపెట్టిన కొండపల్లి బొమ్మల్నీ, ఏటికొప్పాక లక్క బొమ్మల్నీ ఒక్కొక్కటే విప్పి, తుడిచి, కొలువులో మెట్ల మీద పెడుతుంది. ఏనుగు అంబారీ ఎటు తిరగాలో, తాడిచెట్టు పక్కన ఎవరుండాలో ఆమెకో లెక్క ఉంటుంది, ఏటేటా కాస్త మారుస్తుంది కూడా. పేరంటాళ్ళు వచ్చి మెచ్చుకుంటారే తప్ప, ఈ వయసులో బొమ్మలేమిటని ఒక్కరూ అడగరు. మూడేళ్ళ కిందట నేను చెప్పకుండానే కింది మెట్టు మీద కాస్త చోటు ఖాళీ ఉంచి, "అల్లుడుగారూ, మీ ఇటుకల ఇల్లు ఇక్కడ పెట్టండి, ఊరు నిండుగా ఉంటుంది" అంది. అప్పటినుంచీ ఆ చోటు నాది.

ఇప్పుడు కడుతున్నది వచ్చే సంక్రాంతి కోసమే. మండువా లోగిలి. నాన్న కుర్రతనంలో కూలికి వెళ్ళి పెంకు సర్దిన ఇల్లొకటి ఉండేది, ఇప్పుడు లేదు. ఫోటో కూడా లేదు, ఆయనకి గుర్తున్న కొలతలే ఆధారం. బొడిపెకీ బొడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. దాన్నే ఒక అడుగు అనుకుంటే మనుషుల బొమ్మలకి ఇల్లు దాదాపు సరిపోతుంది. నాన్న అడుగుల్లో చెబుతాడు, నేను బొడిపెల్లో పెడతాను. నలభై అడుగుల ఇల్లు 48 బొడిపెల బూడిదరంగు పలక మీద చక్కగా కూర్చుంది. ఎత్తు దగ్గర మాత్రం లెక్క మారుతుంది, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. అయిదు ఇటుకల ఎత్తు ఆరు బొడిపెల పొడవుకి సమానం. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, గోడని పక్కకి పడుకోబెట్టి కట్టాల్సి వచ్చినప్పుడు మీకూ పనికొస్తుంది.

కష్టమంతా కప్పు దగ్గరే. నాలుగు వైపుల నుంచీ వాలు లోపలికి, మండువాలోకి దిగాలి. నాలుగు లోమూలల్లో రెండు వాలులు కలిసే చోట మామూలు ఏటవాలు ముక్కలు పనికిరావు, లోపలికి మడిచినట్టుండే 3046 నంబరు ముక్క కావాలి. అది ఎర్రరంగులో నా దగ్గర తొమ్మిదే ఉంది, ఇంకా పదిహేను కావాలి. "ఆ మూలల్లోనే వాన నీళ్ళన్నీ కలుస్తాయి, పెంకు కింద రేకు వేసేవాళ్ళం" అని నాన్న చెప్పాక, మూల వెంబడి పెంకుల మధ్య సన్నగా బూడిదరంగు పలకలు కనబడేలా పెట్టాను. ముక్కలు కూడా తక్కువ పట్టాయి, ఇల్లు కూడా ఆయనకి తెలిసిన ఇల్లయింది.

నిన్న రాత్రి పడుకోబోతూ ఇంకో మాట అన్నాడు. వీధి అరుగు నేను నాలుగడుగులు పెట్టానట, అక్కడ మూడే ఉండేదట. దాని మీద స్తంభాలు, స్తంభాల మీద వాసాలు, పైన పెంకు అన్నీ కూర్చుని ఉన్నాయి. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని పైనుంచి విప్పుకుంటూ రావాలి.