ఎల్సా అని పెడితే ఆటపట్టిస్తారా?

స్టాక్‌హోంలో పుట్టబోయే పాపకు సినిమా పాత్రను గుర్తుచేసే స్వీడిష్ పేరు కావాలన్నారు. ఎల్సా అంటే మంచు రాణి అని ఏడిపిస్తారేమోనన్నది మీ సందేహం. స్వీడన్‌లో ఆ భయం అక్కరలేదు. 2013లో మంచు రాణి ఎల్సా కథగా ‘ఫ్రోజెన్’ సినిమా రాకముందే అది అక్కడ బాగా వాడుకలో ఉన్న పేరు. చిక్కంతా సినిమాలో ఆమె చెల్లెలి పేరుతోనే. ‘అన్నా’ అని కేకేస్తే మన ఇళ్లలో పలికేది ఆడపిల్ల కాదు!

డ్రాగన్ల సినిమాలోని ఆస్ట్రిడ్ కూడా మంచి పేరే. కానీ ఊళ్లో ఉన్న నానమ్మ నోట్లో అది రెండో రోజుకే ‘అస్త్రం’ అయిపోతుంది.

నా ఓటు రోన్యాకు. 1984 నాటి స్వీడిష్ సినిమాలో దొంగల నాయకుడి కూతురు, అడవంతా తనదే అన్నట్టు తిరిగే పిల్ల. రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ ఉత్తర స్వీడన్‌లోని ఒక సరస్సు పేరులోంచి ఈ ముక్కను తుంచి తీశారు. రమ్య, సౌమ్యల పక్కన పెట్టి పిలిచి చూడండి, పరాయిగా వినిపించదు.

తొందరేమీ లేదు. పుట్టిన మూడు నెలల్లోగా పన్నుల శాఖకు తెలిపితే చాలు. అవును, అక్కడ పేర్లు నమోదు చేసేది పన్నుల శాఖే.