సొంత పెస్ట్ కంట్రోల్ సర్వీసు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఐదేళ్లు ఓ పెస్ట్ కంట్రోల్ సర్వీసులో పనిచేశాను. ఇప్పుడు సొంతంగా పెట్టుకోవాలనుకుంటున్నాను. మొదట ఏమేం కొనాలి?

జవాబు: కొనడానికంటే ముందు లైసెన్సు సంగతి చూడండి. అది చేతికి రాకుండా డబ్బు తీసుకుని ఎవరింట్లోనూ మందు కొట్టకండి. తర్వాత 5 లీటర్ల చేతిపంపు స్ప్రేయర్, జెల్ (మందు కలిపిన ఎర ముద్ద) పెట్టే గన్, తలకు పెట్టుకునే లైటు, సందుల్లోకి చూడటానికి చిన్న అద్దం, జిగురు ట్రాప్‌లు, మిల్లీలీటర్ల గీతలున్న కొలపాత్ర, నైట్రైల్ గ్లవ్స్, కార్బన్ ఫిల్టరున్న మాస్కు. గుడ్డ మాస్కు మందు ఆవిరిని ఆపదు, దాంతో సరిపెట్టుకోకండి. ఫాగింగ్ మెషిన్ ఇప్పుడే వద్దు. పొగ చూస్తే కస్టమర్‌కు పని గట్టిగా జరిగినట్టు అనిపిస్తుంది గానీ, బొద్దింకలు నక్కి ఉండే సందుల లోపలికి అది సరిగా చేరదు. చెదల పనికి కావలసిన డ్రిల్లు, ఇంజెక్షన్ రాడ్ ఆ పని దొరికినప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న: వంటిళ్లలో చిన్న గోధుమరంగు బొద్దింకలకు స్ప్రే కొట్టి, జెల్ కూడా పెడుతున్నాం. మూడు వారాలకే మళ్లీ వచ్చాయని ఫోన్లు. గ్యారంటీ ఇచ్చాం కాబట్టి ఉచితంగా వెళ్తున్నాం. లాభమంతా అందులోనే పోతోంది. తప్పెక్కడ?

జవాబు: స్ప్రే, జెల్ ఒకే చోట వాడటం మొదటి తప్పు. స్ప్రేల్లో మామూలుగా ఉండే పైరెత్రాయిడ్ రకం మందులకు బొద్దింకలను దూరంగా తరిమే గుణం ఉంది. ఆ తుంపర పడిన జెల్‌ను అవి ముట్టవు. జెల్ తిన్న బొద్దింక దాక్కునే చోటికి వెళ్లి చస్తే, దాని రెట్టనూ కళేబరాన్నీ తిన్న పిల్ల బొద్దింకలు కూడా చస్తాయి. జెల్ బలమంతా అందులోనే ఉంది, మీ స్ప్రే దాన్ని చెడగొడుతోంది. అందుకని వంటింట్లో జెల్ ఒక్కటే పెట్టండి. పెద్ద ముద్దలు నాలుగు పెట్టేకన్నా కందిగింజంత చుక్కలు ఎక్కువ చోట్ల పెట్టడం మేలు: అల్మారా తలుపుల బందుల దగ్గర, ఫ్రిజ్ మోటారు పక్కన, సింక్ పైపు గోడలోకి వెళ్లే చోట.

రెండోది గుడ్ల లెక్క. ఆడ బొద్దింక 30 నుంచి 40 గుడ్లున్న సంచిని పిల్లలు బయటికొచ్చే దాకా ఒంటితోనే మోస్తుంది. ఆ సంచి లోపలికి మందు వెళ్లదు. మూడు వారాలకు కనిపించేవి చాలావరకు అలా పుట్టిన పిల్లలే. కాబట్టి 2, 3 వారాలకు రెండోసారి వెళ్లడం ఉచిత సేవ కాదు, పనిలో సగం. దాన్ని మొదటి రేటులోనే కలపండి, ఆ మాట కస్టమర్‌కు ముందే చెప్పి బిల్లు మీద రాసివ్వండి.

పనికి ముందు రాత్రి ఆరు జిగురు ట్రాప్‌లు పెట్టి, పడినవి లెక్కపెట్టండి. రెండోసారి వెళ్లే ముందు అవే చోట్ల మళ్లీ పెట్టండి. పెద్దవి తగ్గకపోతే అవి జెల్ తినడం లేదని అర్థం. గ్లూకోజ్ ఉన్న ఎరను వదిలేసే బొద్దింకలు కూడా ఉన్నాయి. అప్పుడు ఎర దినుసూ మందూ రెండూ వేరుగా ఉన్న జెల్‌కు మారండి.

నల్లులకైతే ఒక్కసారితో పోతాయని మాటివ్వనే వద్దు. గుడ్లు 6 నుంచి 10 రోజుల్లో పగులుతాయి. రెండు వారాల లోపు రెండోసారి వెళ్లాల్సిందే.

ప్రశ్న: మా కుర్రాళ్లు మందును మూతతో కొలిచి కలుపుతారు. ఫరవాలేదా?

జవాబు: మాన్పించండి. కావలసిన శాతాన్ని డబ్బా మీది శాతంతో భాగించి, తయారు చేసే ద్రావణం కొలతతో హెచ్చిస్తే కలపాల్సిన మందు వస్తుంది. 2.5 శాతం మందును 0.025 శాతానికి తేవాలంటే, మందూ నీళ్లూ కలిపి లీటరు అయ్యేలా 10 మి.లీ. మందు పోయాలి. లేబుల్ చెప్పిన మోతాదు దాటితే పురుగు తొందరగా చావదు, మనుషులకే ప్రమాదం పెరుగుతుంది.

గోడకు ఎంత పడుతోందన్నది కూడా అంతే ముఖ్యం. ఒక నిమిషం పాటు మంచినీళ్లు కొలపాత్రలోకి కొట్టి చూడండి. 750 మి.లీ. వస్తే, చదరపు మీటరుకు 40 మి.లీ. చొప్పున ఆ నిమిషంలో దాదాపు 19 చదరపు మీటర్లు పూర్తి కావాలి. ఏ రోజుకు కావలసింది ఆ రోజే కలపండి. కలిపిన మందు నిలవుంటే బలం తగ్గవచ్చు, నాజిల్ కూడా మూసుకుపోతుంది.

ప్రశ్న: ఇంట్లో చేపల తొట్టి ఉంటే?

జవాబు: పైరెత్రాయిడ్లు చేపలకు విషం. తొట్టిని బాగా కప్పి, గాలి పంపు ఆపండి. పంపు గదిలోని గాలినే నీళ్లలోకి పంపుతుంది. పిల్లులున్న ఇంట్లో పెర్మెత్రిన్ అనే పైరెత్రాయిడ్ వాడకండి.

ప్రశ్న: ఎలుకల మందు పెట్టాక సీలింగ్‌లోంచి కుళ్లు వాసన వస్తోందని తిడుతున్నారు.

జవాబు: బ్రోమడియోలోన్ లాంటివి తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. ఈలోగా మన చేతికందని మూలకు పోతుంది. ఇంటి లోపల స్నాప్ ట్రాప్‌లే (స్ప్రింగుతో టక్కున మూసుకునే బోనులు) వాడండి. గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడవైపు ఉండేలా పెట్టాలి. చిట్టెలుకకు 6 మి.మీ. సందు చాలు, కాబట్టి పైపుల చుట్టూ ఉన్న ఖాళీల్లో స్టీల్ ఉన్ని కుక్కి సిమెంటు పూయండి. ఆ పూత పనికి కూలిని మీ రేటులో వేరుగా చూపించండి.